సాధారణంగా నివసించే చోటు

మా అపార్ట్‌మెంట్‌లో పద్దెనిమిది ఇళ్లు. ఓటరు ఫారం అనగానే ఆ పద్దెనిమిది ఇళ్లవాళ్లకీ నేనే గుర్తొస్తాను. మైలాపూరులో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పాతికేళ్లుగా గుమాస్తాగా ఉన్నవాణ్ని. ఫారాలంటే నాకు భయం లేదు, పైపెచ్చు కాస్త గర్వం కూడా. కొత్తగా పేరు చేర్చాలంటే ఆరో నంబరు, తీసేయాలంటే ఏడు, ఇల్లు మారినా తప్పులు దిద్దాలన్నా ఎనిమిది అని మెట్ల మీద ఎదురైనవాళ్లందరికీ అడక్కుండానే చెప్పేవాణ్ని. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఈ దేశపు పౌరులై ఉండాలి, ఆ చోట సాధారణంగా నివసిస్తూ ఉండాలి, రెండు చోట్ల పేరు ఉండకూడదు. ఇంతే కదండీ, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది అని నవ్వేవాణ్ని. ఇంత తెలిసినవాణ్ని, మా అమ్మ ఓటు పోగొట్టింది నేనే.

మేం ముగ్గురు అన్నదమ్ములం. అన్న సౌకార్‌పేటలో ఒక హోల్‌సేల్ స్టీలు సామాన్ల కొట్టు మీద మేడలో ఉంటాడు. తమ్ముడికి ఎన్నూరులో ఉద్యోగం, అక్కడే క్వార్టర్సు. మా తాతముత్తాతల కాలం నుంచీ ఈ ఊరే. నాన్న పోయిన పదమూడో రోజు, భోజనాలయ్యాక, మా మేనమామ తాంబూలం నములుతూ అమ్మ సంగతి తేల్చేశాడు. నాలుగు నెలలు పెద్దవాడు, నాలుగు నెలలు నడిమివాడు, నాలుగు నెలలు చిన్నవాడు. ఎవరికీ కష్టం లేదు, ఎవరినీ ఒక మాట అనడానికి లేదు. అందరూ బాగుందన్నారు. అమ్మ పక్క గదిలోనే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

వంతు మారే రోజుకు మాత్రం మా ఇళ్లలో గొప్ప పట్టింపు. మంగళ, శుక్రవారాలు పనికిరావు, రాహుకాలం తగలకూడదు. వంతు అయిపోయినవాళ్లే తీసుకెళ్లి తరువాతివాళ్ల గడప లోపల దింపి రావాలి. ఒక జిప్పు సంచి, మాత్రలు పెట్టుకునే మిఠాయి డబ్బా, అదీ అమ్మ సామాను. ఒకసారి నా భార్యకు జ్వరమొచ్చి అమ్మను నాలుగు రోజులు ఎక్కువ ఉంచుకోమని అన్నను అడిగాను. ఉంచుకున్నారు. తరువాతి వంతులో వదిన మరిచిపోకుండా నాలుగు రోజులు ఆలస్యంగా పిలుచుకుంది. తప్పేముంది, న్యాయమే కదా అనుకున్నాను. ముగ్గురు కొడుకులూ తల్లిని ఎంత బాగా చూసుకుంటున్నారో అని చుట్టాలు మెచ్చుకుంటుంటే నేనూ తల ఊపేవాణ్ని.

ఇలా తిరిగే మనిషికి ఓటొకటి మా చిరునామాలో ఉండిపోయింది. నాన్న పోయిన ఏడాది పేరు ఎక్కడికైనా మార్చాలి కాబట్టి ఎనిమిదో నంబరు ఫారం నింపి మా ఇంటికి మార్పించాను. అప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. ఓటంటే అమ్మకు ప్రాణం. ఏ వంతులో ఉన్నా సరే, ఓటు నాడు తెల్లారి ఏడింటికల్లా మా వీధి చివర కార్పొరేషన్ స్కూలు దగ్గర క్యూలో ఉండేది.

"అంత తొందరేందిమ్మా, సాయంత్రం దాకా ఉంటాది గదా," అన్నాను ఒకసారి.

"నీకేం తెలుసురా," అంది. "ఆడ కూచున్నాయన నా పేరు గట్టిగా చదవతాడు. నన్ను పేరు పెట్టి పిల్చేది ఇంక ఎవురుండారు? అవ్వా, అత్తా, అమ్మా, అంతే గదా. మీ నాయన పోయినాక నా పేరు నా చెవిన పడేది ఆడనే."

ఇది విని నేను నవ్వాను. మా అమ్మ భలే మాట్లాడుతుందని స్కూల్లో చెప్పుకున్నాను కూడా.

పోయిన దీపావళి అయిన తరువాత ఓటర్ల జాబితా సవరణ మొదలైంది. ఈసారి మామూలు సవరణ కాదు, ఇంటింటికీ ఫారాలు. జాబితాలో ఉన్న ప్రతి పేరుకూ ఒక ఫారం తెచ్చిస్తారు, నింపి సంతకం పెట్టి తిరిగి ఇవ్వాలి. ఇవ్వకపోతే పేరు పోయినట్టే. మా వీధికి వచ్చినామె అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుంటాయేమో, మోచేతికి బరువైన సంచి, ముఖాన చెమట. నా భార్యతో నేను మాట్లాడటం విని, "మా ఇంట్లో కూడా తెలుగే సార్," అని ప్రాణం లేచొచ్చినట్టు నవ్వింది. నేను కాఫీ ఇప్పించి, మా అపార్ట్‌మెంట్‌వాళ్ల ఫారాలన్నీ నేనే నింపి పెడతానని మాటిచ్చాను.

నాకూ నా భార్యకూ ఫారాలు ఇచ్చింది. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, కోయంబత్తూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. కొత్త ఓటుకు ఆరో నంబరు ఫారం కావాలన్నాను. "పాప ఆడుంటే ఆడ రాయాలా, ఈడనా?" అని నా భార్య అడిగింది. "చదువుకి పోయింది గదమ్మా, ఇల్లు ఇదే గదా, ఈడనే రాయొచ్చు," అందామె. బాగుంది. ఆ తరువాత సంచిలోంచి ఇంకో ఫారం తీసింది. మూలన మా అమ్మ ఫోటో.

"ఈ అవ్వ ఈడనే ఉండారా సార్?"

"ఇప్పుడు ఈడ లేదమ్మా. ఎన్నూరులో మా తమ్ముడింట్లో ఉండాది."

"ఎప్పుడొస్తారు?"

"మళ్లీ జూలైకి."

వంటింట్లోంచి నా భార్య అంది: "మన వంతు అయిపోయింది గదా, ఆ మాటే చెప్పండి."

"ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా పెట్టొచ్చు సార్ సంతకం," అందామె. "అవ్వకి బదులు మీరు పెట్టినా సరిపోతాది."

ఒక్క సంతకం. పెన్ను నా చేతిలోనే ఉంది. "వద్దులేమ్మా, ఉండే చోట రాసుకుంటారు. రెండు చోట్ల ఉంటే తప్పు గదా," అన్నాను, నియమాలు తెలిసినవాడి గొంతుతో. నియమం కాదు నన్ను ఆపింది. అమ్మ మా ఇంట్లో నివసిస్తోందని నా చేత్తో సంతకం పెడితే, రేపు ఏదైనా మాటామాటా వచ్చినప్పుడు అన్నో తమ్ముడో ఆ కాగితం ఎత్తి చూపిస్తారని ఒక పాడు ఆలోచన. నీ ఇంట్లో ఉన్నట్టు నువ్వే రాసిచ్చావు కదరా అంటారని. ఛీ, ఎంత నీచమైన బుర్ర! ఆమె ఫారం మీద ఏదో రాసుకుని సంచిలో పెట్టుకుంది. నేను తలుపు వేసుకుని టీవీ ముందు కూర్చున్నాను.

వారం తిరక్కముందే అమ్మ ఎన్నూరు నుంచి ఫోన్ చేసింది. "నా కాగితం వచ్చిందంట్రా? ఈడ వీళ్లందరికీ వచ్చినాయి." వస్తుందిలేమ్మా, తొందరేముంది అన్నాను. రెండు రోజులకొకసారి అదే ప్రశ్న. చివరికి విసుగేసి, "వస్తే చెప్పనా? ఊరికే చుమ్మా చుమ్మా అడగబాకు," అని కసిరాను. ఆ తరువాత అడగలేదు.

ముసాయిదా జాబితా వచ్చిన రోజు మా అపార్ట్‌మెంట్‌వాళ్ల పేర్లు చూడటానికి వీధి చివర స్కూలుకు నేనే బయల్దేరాను. అన్నీ ఉన్నాయి. నా పేరుంది, నా భార్య పేరుంది. పక్కనే తీసేసిన పేర్ల జాబితా అంటించి ఉంది. మా ఇంటి నంబరు కంటపడింది. ఎదురుగా అమ్మ పేరు. కారణం అనే గడిలో, శాశ్వతంగా ఇల్లు మారినవారు అని ఉంది. చుట్టూ జనం తోసుకుంటున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అక్కడినుంచే తమ్ముడికి ఫోన్ చేసి అరిచాను. ఎన్నూరులో ఫారాలు తెచ్చినవాళ్లకు అమ్మ పేరు ఎందుకు చెప్పలేదని.

"నేనేం చేసేదిన్నా," అన్నాడు వాడు. "అమ్మ ఓటు మైలాపూరులో ఉండాది, ఈడ చేర్చొద్దని చెప్పినా. రెండు చోట్ల ఉండకూడదని నువ్వే గదా అందరికీ చెప్తా ఉంటావు!"

అన్నను అడిగితే, "మమ్మల్ని ఎవురూ అడగనే లేదురా. అడిగుంటే మా వంతు మార్చిలో అని చెప్పుంటా," అన్నాడు. ముగ్గురం నిజమే చెప్పాం. ఒక్కరం అబద్ధమాడి ఉన్నా అమ్మకు ఓటు మిగిలేది.

ఎన్నూరు వెళ్లాను. దారంతా లారీలు, కిటికీ గట్టు మీద దుమ్ము. అక్కడ ఉండే నాలుగు నెలలూ అమ్మకు దగ్గు ఎక్కువగా ఉంటుంది. మంచం మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"తీసేసినారా? నేను బతికే ఉండా గదరా!"

"చనిపోయినట్టు కాదమ్మా. ఇల్లు మారినట్టు రాసినారు."

"ఎవురు చెప్పినారంట?"

"ఆఫీసులో పొరపాటు," అన్నాను. ఎండలో వీధివీధీ తిరిగిన ఆ ఆడమనిషి మీదికి తోసేసి చేతులు దులుపుకున్నాను. "మళ్లీ చేర్పించేస్తానమ్మా, ఆరో నంబరు ఫారం, ఐదు నిమిషాల పని."

ఐదు నిమిషాల పని కాలేదు. ఫారంలో పేరు, వయసు, ఫోటో అన్నీ అయ్యాయి. ఇరవై ఏళ్లు దాటిన పాత జాబితాలో పేరుంటే ఆ వివరం రాయాలన్నారు. ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. సౌకార్‌పేటలో మేము అద్దెకున్న వెనక వాటా, ఒకే తలుపు నంబరు కింద వరుసగా ఐదు పేర్లు: నాన్న, అమ్మ, అన్న, నేను, తమ్ముడు. అమ్మ ఆధార్ కార్డులో ఈ రోజుకీ అదే చిరునామా. ఆ వాటాను కూల్చి గోదాము కట్టి చాలా ఏళ్లయింది. ఆ ఐదు పేర్లు చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇక ఇప్పటి చిరునామా. ముగ్గురం ఫోన్‌లో కలిసి మాట్లాడుకున్నాం. అన్న ఇల్లు కొట్టువాళ్లది, వాళ్లేమంటారో అన్నాడు. తమ్ముడి ఫోన్‌లోంచి మా మరదలు మాట వినబడింది: "ఈడ రాస్తే ఇంక ఈడనే ఉండాలంటారేమో, అడగండి." నా భార్య నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఆమె ముఖం చూసి, మా చిరునామా రాద్దామనే మాట మింగేశాను. కుటుంబం మొత్తానికి ఫారాలు నింపే నేను, ఆ ఒక్క గడీ ఖాళీగా వదిలేసి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆఫీసువాళ్లు ఎక్కడ రాయమంటే అక్కడ రాద్దాం అనుకున్నాం ముగ్గురం. గవర్నమెంటు చెప్పిందంటే ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు కదా!

పేర్లు చేర్చే క్యాంపు ఒక ఆదివారం మా వీధి చివరి కార్పొరేషన్ స్కూల్లోనే పెట్టారు. అమ్మను ఎన్నూరు నుంచి పొద్దున్నే తీసుకొచ్చాను. జరీ అంచు చీర కట్టుకుంది, ఓటు వేయడానికి కట్టుకునే చీర. రెండో తరగతి బెంచీల మధ్య అదే అంగన్‌వాడీ ఆమె బల్ల వేసుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి అమ్మకు తన కుర్చీ ఇచ్చింది. ఫారం తిరగేసింది.

"అంతా బాగుండాది సార్. ఇల్లు యాడో రాయలేదే?"

"అదే, మిమ్మల్ని అడిగి రాద్దామని," అని నసిగాను.

ఆమె అమ్మ వైపు తిరిగింది. "అవ్వా, మీరు యాడ ఉంటారు?"

"ఏ నెలలో పాపా?" అని అడిగింది అమ్మ.

ఆమె పరాచికమనుకుని నవ్వబోయింది. అమ్మ నవ్వట్లేదని చూసి ఆగిపోయింది. అప్పుడు చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "అది కాదవ్వా. నాలుగు నాళ్లు యాడికన్నా పోయొస్తే దానికేం లేదు. ఇప్పుడు సార్ కూతురుండాది. కోయంబత్తూరులో చదవతా ఉండాది, అయినా ఈడనే రాసినాం. సెలవులొస్తే ఈ ఇంటికే గదా వస్తాది. అట్టా మీరు తిరిగొచ్చే ఇల్లు ఏది?"

అమ్మ నిజంగానే ఆలోచించింది. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుంది కూడా.

"తిరిగొచ్చేది యాడుండాది పాపా. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి పొయ్యేదే."

మా వెనక క్యూలో నలుగురైదుగురు ఉన్నారు. మా అపార్ట్‌మెంట్ రెండో అంతస్తాయన కూడా ఉన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో నాకే తెలియదు. "మొన్నటిదాకా మా ఇంట్లోనే ఉన్నింది గదమ్మా పేరు," అన్నాను గొంతు పెంచి. "మీ వాళ్లు పొరపాటున తీసేసి, ఇప్పుడు ముసలామెను కూచోబెట్టి ప్రశ్నలేంది?"

"పొరపాటేంది సార్?" అందామె. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. "ఈడ లేరని మీరే గదా చెప్పినారు. మీరు సంతకం పెట్టినా సరిపోతాదంటే వద్దన్నారు."

అమ్మ తలెత్తి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ నా ముఖం మీదనుంచి చూపు తీసేసి, ఆమెను అడిగింది:

"ఇల్లు లేనోళ్లకి ఓటుండదా పాపా?"

"ఎందుకుండదవ్వా? ప్లాట్‌ఫారం మీద పండుకునేవాళ్లకి కూడా ఉంటాది. వాళ్లు యాడ పండుకుంటారో మేమే పొయ్యి చూసి రాసుకుంటాం. ఇంటికి కాగితాలు గూడా అడగం."

"సరి. అట్టయితే నన్ను ఆ మాదిరే రాసుకోమ్మా," అంది అమ్మ. "వీళ్లనేమీ అడగబాక."

ఆ గదిలో అంతమంది ముందు, కోపం లేకుండా, సాయం అడిగినట్టు అడిగింది. అంగన్‌వాడీ ఆమె తల దించుకుని కాగితాలు సర్దుకుంది. నేను ఫారం లాక్కుని ఆ ఖాళీ గడిలో మా ఇంటి చిరునామా రాశాను. తొందరలో పిన్‌కోడు తప్పు రాసి రెండుసార్లు కొట్టేశాను. ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపిస్తే అమ్మ తెలుగులో నెమ్మదిగా పెట్టింది. విచారణ ఏదైనా ఉంటే పిలుస్తామన్నారు. బయటికొచ్చాం.

మైలాపూరు నుంచి బీచ్ స్టేషన్ దాకా ఒక రైలు, అక్కడ మారి ఎన్నూరుకు ఇంకొకటి. రెండో రైల్లో ఇద్దరికీ చోటు దొరికింది. అమ్మ కిటికీ దగ్గర కూర్చుంది. నేను మాటలు కూడదీసుకుని అన్నాను:

"అమ్మా, ఇంక మా ఇంట్లోనే ఉండు. నాలుగు నెలలు గాదు. ఎప్పటికీ."

అమ్మ కిటికీలోంచే చూస్తూ అడిగింది. "నీ పెళ్లాన్ని అడిగినావా?"

అడగలేదు. అడుగుతానన్నాను. "అడుగు," అంది అమ్మ. అంతే. ఎన్నూరులో దిగి, తమ్ముడి గడప లోపల దింపి, వెనక్కి వచ్చేశాను.

ఆ మాట నా భార్యను నేను ఇప్పటిదాకా అడగలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూనే ఉన్నాను. ఆమె చెడ్డది కాదు, అడిగితే సరేనని కూడా అంటుందేమో. అప్పుడు అమ్మ నిజంగానే వచ్చేస్తుంది కదా. నేను భయపడేది ఆమె కాదంటుందని కాదు. ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

తుది జాబితాలో అమ్మ పేరు వచ్చింది. మా ఇంటి నంబరు కింద నాలుగు పేర్లు: నేను, నా భార్య, మా అమ్మాయి, అమ్మ. మార్చిలో తమ్ముడు అమ్మను సౌకార్‌పేటలో దింపాడు, మంగళవారం కాకుండా రోజు చూసే.

ఓటు నాడు అన్న తెలిసిన ఆటో మాట్లాడి అమ్మను మైలాపూరుకు పంపాడు. నేను వెళ్లేసరికే ఓటు వేసి స్కూలు గేటు దగ్గర నీడలో నిలబడి ఉంది. వేలి మీద సిరా ఇంకా తడిగానే ఉంది. ఆటోవాడు రోడ్డుకు అవతల కాచుకుని ఉన్నాడు.

"ఇంటికి రామ్మా," అన్నాను. "ఎండగా ఉండాది. ఇంత అన్నం తిని, పడుకుని, సాయంత్రం పోదువు."

అక్కడినుంచి మా బాల్కనీ కనిపిస్తుంది. నా భార్య ఆరేసిన దుప్పటి కూడా కనిపిస్తోంది.

"వద్దు నాయనా," అంది అమ్మ, నా చెయ్యి తట్టి. "మీ వదిన నాకు గూడా బియ్యం పోసుంటాది. ఇది వాళ్ల వంతు గదా."